భాద్రపదం నీళ్లు

తెరమీద మా అక్క వెన్నెముక నెమ్మదిగా తిరుగుతోంది. డాక్టరు వేలితో కదిపితే ఎడమకు తిరిగింది, మళ్లీ కదిపితే వెనుక వైపు చూపింది. చర్మం లేదు, మాంసం లేదు, పూసలు మాత్రమే ఉన్నాయి. ఒక్కో పూసకు ఒక్కో రంగు. ఆ రంగులు మనిషి వేసినవి కావని, స్కాన్ బొమ్మలను చూసి కృత్రిమ మేధ తానే పూసను పూస నుంచి విడదీసి, వరుసగా లెక్కపెట్టి, ఎక్కడ ఎంత పొడవు స్క్రూ పట్టాలో గీసి చూపిందని ఆయన వివరించారు. స్క్రూలు ఎనిమిది. ఒక్కోదాని పక్కన మూడు అంకెలు: పొడవు, మందం, వెన్నుపాము ఉండే గొట్టానికీ స్క్రూకూ మధ్య మిగిలే దూరం.

అంకెలు కనిపిస్తే రాసుకోవడం నాకు అలవాటు. జేబులోంచి నోటుపుస్తకం తీసి మూడో వరుస ఒక్కటే రాసుకున్నాను. 2.6, 2.2, 2.9, 2.4, 1.9, 2.1, 2.0. ఎనిమిదో అంకె దగ్గర కలం ఆగింది. 1.4.

అవి మిల్లీమీటర్లు. లీటరుకు మిల్లీగ్రాములు కావు. ఒకే అంకె రెండు చోట్ల కనపడడంలో వింత ఏమీ లేదని, పదింట ఒక వంతు వరకే కొలిచినప్పుడు అంకెలు మళ్లీ మళ్లీ రాక తప్పదని నాకు తెలుసు. అయినా చల్లని ఆ గదిలో, తలుపులన్నీ మూసి ఉండగా, బోరింగు కొడుతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఇనుప పిడి పైకి లేచినప్పుడు ఒక కీచు, కిందికి దిగినప్పుడు ఒక దెబ్బ.

నేను నల్లగొండ జిల్లాలో ముప్పై మూడు సంవత్సరాలు తాగునీటిని పరీక్షించే ఉద్యోగం చేశాను. రాష్ట్రం వచ్చిన సంవత్సరమే పదవీ విరమణ చేశాను. మా ప్రాంతపు నీటిలో ఫ్లోరైడు ఉంటుందన్నది ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన విషయం. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల వరకు తాగవచ్చునని, అది దాటితే కూడదని మా కొలత. ఊరూరా తిరిగి ఒక్కో బోరింగు నుంచి ఒక సీసా నీళ్లు తేవాలి. ఎర్రని మందు కలపాలి. నీటిలో ఫ్లోరైడు ఎంత ఉంటే ఎరుపు అంత వెలిసిపోతుంది. ఎంత వెలిసిందో యంత్రంలో చూసి అంకె రాయాలి. ఆ అంకెను బట్టి బోరింగుకు రంగు వేయిస్తాం: తాగదగినదానికి నీలం, తాగకూడనిదానికి ఎరుపు. ఎర్రజెండా పార్టీ బలంగా ఉన్న ఊళ్లలో ఎర్ర రంగు వేయడం ఒక తలనొప్పి. మా బావ ఒకసారి నవ్వుతూ, ఎర్రగ చేస్తే పార్టీ బోరింగనుకొని ఊరంత దానికే ఎగబడతరు, జర చూసి వెయ్యి బామ్మర్దీ అన్నాడు. ఆయన వాకిలి ముందరి బోరింగుకు నేను వేయించింది నీలమే.

అక్కను కేతేపల్లి దాటిన తరువాత లోపలికి ఉన్న ఒక చిన్న ఊరికి ఇచ్చారు. ఆ ఊరు పదకొండు సంవత్సరాలు నా పరిధిలోనే ఉంది. ఒక్కో బోరింగును సంవత్సరానికి ఒకసారి పరీక్షించాలని నియమం. ఏ నెలలో అన్నది నియమంలో లేదు. అది పరీక్షించేవాని వీలు. బతుకమ్మ పండుగకు ఆడబిడ్డను పుట్టింటికి తీసుకురావడం తమ్ముడిగా నా విధి. అందువల్ల ప్రతి సంవత్సరం భాద్రపద బహుళంలో, ఎంగిలిపూల బతుకమ్మకు ఒకటి రెండు రోజుల ముందు, నేను ఆ ఊరికి వెళ్లేవాణ్ని. ముందు బోరింగు దగ్గర ఐదు నిమిషాలు నీళ్లు వదిలి, సీసాను మూడుసార్లు కడిగి, నాలుగోసారి నింపి, చీటీ అంటించేవాణ్ని. తరువాత అక్క చేతి అన్నం తిని, ఆమెను వెంటబెట్టుకొని నార్కట్‌పల్లి మీదుగా బస్సులో వచ్చేవాణ్ని. పని, పండుగ ఒకే ప్రయాణంలో పూర్తయ్యేవి. ఆ క్రమశిక్షణ నాకు గర్వంగా ఉండేది.

పదకొండు సంవత్సరాలు, పదకొండు సీసాలు. వాటిలో అన్నిటికంటే తక్కువ అంకె 1.1. అన్నిటికంటే ఎక్కువ 1.4.

మొదటి సంవత్సరం ఫలితం చెప్పడానికి ఊరికి వెళ్లినప్పుడు అక్క బోరింగు గద్దె మీద బిందె పెట్టి నిలబడి ఉంది. చుట్టూ ఆరేడుగురు ఆడవాళ్లు. "తమ్మీ, తాగొచ్చునా మరి?" అని అందరి ముందు అడిగింది. "తాగొచ్చక్కా, ఫికర్ లేదు," అన్నాను. ఆమె మిగతావాళ్లవైపు తిరిగి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. పుట్టింటినుంచి ఊరికంతటికీ ఏదో తెచ్చి పంచినట్టు ఉంది ఆ చూపు.

భాద్రపదం నాటికి మా దిక్కు కుంటలు నిండి ఉంటాయి. ఆ బోరింగుకు పడమర రెండు వందల గజాలలో ఒక కుంట ఉంది. వాననీరు భూమిలోకి దిగి బోరు నీటిని పలుచన చేస్తుంది. ఎండాకాలంలో కుంట ఎండి, నీటిమట్టం బండలోకి జారితే అదే బోరు వేరే నీళ్లు ఇస్తుంది. ఈ రెండు వాక్యాలు నేను శిక్షణలో చదువుకున్నవే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే.

సరిగ్గా ఏ సంవత్సరమో చెప్పలేను. నా పుస్తకాలలో అది లేదు, ఎందుకంటే నేను రాయలేదు. ఒక సద్దుల బతుకమ్మనాడు మా వాకిట్లో ఆడవాళ్లు వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. అక్క మాత్రం నిటారుగా నిలబడి చప్పట్లు కొడుతోంది. ఏందమ్మో, దొరసాని లెక్క నడుము వంచుతలేవు అని ఎవరో దెప్పారు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నేను అరుగు మీద కూర్చొని ఆ నెల నమూనాల పట్టిక రాసుకుంటున్నాను. తల ఎత్తి చూశాను, మళ్లీ దించాను.

ఇంటింటికీ నల్లా వచ్చి, నది నీళ్లు తాగడం మొదలైన తరువాత అక్కకు కాళ్లు మొద్దుబారడం మొదలైంది. మొదట చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. తరువాత కాలి కింద నేల దూది మాదిరి ఉన్నదనేది. మేనకోడలు ఆమెను దవాఖానకు తీసుకుపోయి తీయించిన ఎక్స్-రే నాకు చూపింది. ఎముకలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. అటువంటి తెలుపు నేను ఎర్ర బోరింగుల నీళ్లు తాగిన ఇతర ఊళ్లవాళ్ల ఎక్స్-రేలలో చూసి ఉన్నాను.

ఆ తరువాతి వైశాఖంలో నేను ఎవరికీ చెప్పకుండా ఆ ఊరికి వెళ్లాను. మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఎండాకాలంలో ఆ ఊరికి వెళ్లడం నాకు అదే మొదటిసారి. బోరింగు వాడకంలో లేదు. నీలం రంగు పెచ్చులు లేచి ఉంది. నూట పదహారు దెబ్బలు కొట్టిన తరువాత నీళ్లు వచ్చాయి. ఐదు నిమిషాలు వదిలాను. సీసా మూడుసార్లు కడిగాను. నా పాత గదిలో ఇప్పుడు పనిచేస్తున్న వ్యక్తిని బతిమాలి నేనే పరీక్షించాను. మందు కలిపిన ఎరుపు నా కళ్లముందే వెలిసిపోయి, కడిగిన గుడ్డలోని నీరు మాదిరి అయింది. 4.6.

ఆనాడు తిరిగివస్తూ అక్క వాకిలి నుంచి బోరింగు వరకు నడిచి చూశాను. నలభై రెండు అడుగులు. ఆ వీధిలో నడుము వంగినవాళ్లను లెక్కించాను. ఏడుగురు. వాళ్లలో ఒకరు నన్ను గుర్తుపట్టి, నీళ్ల సారు వచ్చిండు అని మంచం వేశారు. నేను కూర్చోలేదు.

ఆ అంకెను అక్కకు చెప్పలేదు. మూడు సంవత్సరాలు చెప్పలేదు. ఆ మూడు సంవత్సరాలలో ఆమె కర్ర పట్టింది, గోడ పట్టింది, చివరికి మంచం పట్టింది.

తెరముందు నా కలం ఆగినప్పుడు డాక్టరు చూశారు. ఆయనది పాలమూరు జిల్లా, కొత్తకోట అవతలి పల్లె. పట్నంలో పేరున్న వెన్నెముక సర్జన్ అయినా మాట మారలేదు. మొదటి రోజే అక్క ఆయన మాట విని, పాలమూరోనివా బిడ్డా, ఏమో పట్నపోడనుకొని భయపడ్డ అంది. అక్కకు ఆయన విషయం వివరించిన తీరు నాకు నచ్చింది. పూసల వెనుక మెత్తగా ఉండవలసిన పొర ఎముకగా మారి వెన్నుపామును నొక్కుతోంది. దానిని సన్నని యంత్రంతో అరగదీసి తొలగించాలి. పూసలు కదలకుండా స్క్రూలు బిగించి కడ్డీలు కట్టాలి. అంతా విని అక్క, అయితే నా ఈపుల బోరింగు దింపుతరన్నట్టు అంది. ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు.

నేను ఆయనను రెండు ప్రశ్నలు అడిగాను. ఈ మేధ ఇంతవరకు చూసిన వెన్నెముకలలో మా నల్లగొండ వెన్నెముకలు ఎన్ని? ఆయన దాచలేదు. చాల తక్కువ, సార్, అన్నారు. అది ఎక్కడెక్కడి దేశాలవాళ్ల ఎముకలో చూసి నేర్చుకున్నదని, ఇంత తెల్లటి ఎముక దానికి కొత్తదని చెప్పి, తెరమీద ఒకచోట వేలు పెట్టారు. అక్కడ అది ఎముకగా మారిన పొరను అసలు పూసలో భాగమనుకొని ఒకే రంగు వేసింది. ఆ గీతను ఆయన నిన్న తన చేత్తో సరిచేశారు.

తరువాత రెండో ప్రశ్న అడిగాను. ఈ స్కాన్ ఎప్పుడు తీసినది, ఎట్లా తీసినది?

పది రోజుల కింద, వెల్లకిలా పడుకోబెట్టి, అన్నారు.

"ఆపరేషన్ బోర్లా పడుకోబెట్టి కదా చేస్తారు?"

"అందుకే సార్," అన్నారాయన, "బోర్ల పండవెట్టినంక బల్ల మీదనే మళ్ల స్కాన్ తీస్తం. మనిషి తీరు మారితే పూస జాగా మారుతది. పాత లెక్క పట్టుకొని కొత్త మనిషిని కోస్తమా?"

ఆయన మామూలుగా అన్న మాట అది. అందులో నన్ను ఉద్దేశించినది ఏమీ లేదు. నేను నోటుపుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాను.

ఆపరేషన్ సోమవారం. ఆదివారం మధ్యాహ్నం మేనకోడలు మందులకు దిగినప్పుడు అక్క పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కాళ్లు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఉన్న బలం కూడా పోవచ్చు అని డాక్టరు సంతకం తీసుకునే ముందే చెప్పారు. చెప్పవలసినది రేపటికి వాయిదా వేసే అవకాశం నాకు ఇక లేదు. వైశాఖంలో వెళ్లిన సంగతి, నూట పదహారు దెబ్బలు, 4.6, అన్నీ వరుసగా చెప్పాను. భాద్రపదంలో తప్ప వేరే నెలలో ఎన్నడూ నీళ్లు తీయలేదని చెప్పాను. పండుగకు నిన్ను తీసుకుపోయే ప్రయాణంలోనే తీసేవాణ్ని కాబట్టి అట్లా జరిగిందని చెప్పాను.

అక్క పైకప్పువైపు చూస్తూనే ఉంది. మెడ తిప్పడం ఆమెకు కష్టం.

"ఎండకాలం బువ్వ పచ్చగైతుండె తమ్మీ," అంది. "పప్పు ఎంత మంటేసినా ఉడుకకపోతుండె. నీళ్లు మారినయని మీ బావ అననే అన్నడు."



"మరి నాకెందుకు చెప్పలేదక్కా?"

"ఎట్ల చెప్తరా? నువ్వు కాయితం మీద రాస్తివి, రంగేస్తివి. ఊరంత నా మొకం చూసి తాగవట్టిరి. గా బోరింగు గద్దె మీద నిలవడి, మా తమ్ముని లెక్క తప్పని నేనే అననా?"

ఎండాకాలంలో ఒక్కసారి ఆమె ఇంట్లో అన్నం తిని ఉంటే కంచంలోని రంగు నేను చూసి ఉండేవాణ్ని. ఫ్లోరైడు ఎక్కువైన నీటిలో పెరిగే క్షారం వల్లనే ఆ రంగు వస్తుందని నాకు తెలుసు. నేను తిన్న అన్నమంతా భాద్రపదంలో తిన్నదే. అది తెల్లగా ఉండేది.

"మన బోరింగు నీళ్లు తాగినోళ్లల్ల పోయినోళ్లు గూడ ఉన్నరు," అంది అక్క. "వాళ్లకేం చెప్తవు ఇగ." ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. ఆమె మంచినీళ్లు అడిగింది. సీసా మూత తీసి ఇస్తున్నప్పుడు కొన్ని ఒలికి దుప్పటి తడిసింది. ఇద్దరం ఆ తడివైపు చూశాం.

సోమవారం ఎనిమిది గంటల పది నిమిషాలకు ఆమెను లోపలికి తీసుకువెళ్లారు. ఒంటిగంట నలభై అయిదుకు డాక్టరు బయటికి వచ్చారు. బల్లమీద తీసిన కొత్త స్కాన్‌తో మేధ మళ్లీ లెక్క వేసింది. ఏడు స్క్రూలు దాదాపు అక్కడే ఉన్నాయి. ఎనిమిదో దాని దగ్గర 1.4 మిగలలేదు, 0.5 చూపింది. ఆయన ఆ స్క్రూను పూర్తిగా వదిలేసి, ఒక పూస పైకి పోయి అక్కడ బిగించారు. పాత లెక్కతో పోయి ఉంటే ఏమయ్యేదని అడిగాను. పోలేదు గద సార్, అని భుజం మీద చేయి వేశారు.

అక్క కుడికాలి బొటనవేలు సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలకు కదిలింది. మేనకోడలు ముందు చూసి, మామా, మామా అని నా చొక్కా పట్టుకొని లాగింది. ఎడమ కాలు కదలలేదు. మరునాడూ కదలలేదు. అది కొంతవరకే రావచ్చునని, వెన్నుపాము సంవత్సరాల తరబడి నలిగిందని, నలిగినదాన్ని యంత్రమూ తానూ తిరిగి చేయలేమని డాక్టరు చెప్పారు. పన్నెండో రోజున అక్క నడక బండి పట్టుకొని మంచం నుంచి కిటికీ వరకు పోయింది. ఎడమ పాదాన్ని ఈడ్చుకుంటూ పద్దెనిమిది అడుగులు. ఎన్నయినయిరా అని ఆమే అడిగింది. చెప్పాను. బోరింగు వరకు ఉన్న నలభై రెండుకు ఇంక ఎన్ని తక్కువని ఆమె అడగలేదు. నేను మాత్రం తీసివేసి చూసుకున్నాను.

ఇంటికి పంపేరోజు, తెరల గదిలో పనిచేసే ఒక అమ్మాయి టాబ్లెట్ పట్టుకొని వచ్చింది. అక్క స్కాన్ బొమ్మలను, పేరు లేకుండా, ఆ మేధకు నేర్పడానికి వాడుకోవచ్చునా అని అనుమతి అడిగింది. ఇటువంటి ఎముకలు ముందుముందు వచ్చినప్పుడు అది పొరను పూస అనుకోకుండా ఉండడానికట. అక్క వేలిముద్ర వేస్తూ, నా నడుము చూసి అదేం నేర్చుకుంటది బిడ్డా, వంగకుండ నిలవడుడా? అంది.

తరువాత వివరాలు. వయసు. ఊరు. పని. తాగిన నీళ్లు ఎక్కడివి, ఎన్ని సంవత్సరాలు. ఆ నీటిలో ఫ్లోరైడు ఎంత అన్నచోట ఒకే ఒక గడి ఉంది. తెలిస్తే చెప్పండి, తెలియకపోతే వదిలేద్దాం అంది అమ్మాయి.

నేను పాత నోటుపుస్తకాన్ని వెంట తీసుకువచ్చాను. రెండు అంకెలు ఉన్నాయని, ఒకటి భాద్రపదంలోది, ఒకటి వైశాఖంలోదని, నెల కూడా రాస్తేనే దానికి అర్థమని చెప్పాను. గడిలో నెల పట్టదని, ఒక్క అంకె మాత్రమే తీసుకుంటుందని ఆమె చెప్పింది. నేను పుస్తకం తెరిచి పట్టుకొని ఉన్నాను. పదకొండు సంవత్సరాల అంకెలు ఒక పేజీలో నీలం సిరాతో, చక్కని వరుసలో ఉన్నాయి. ప్రతిదాని కింద నా సంతకం ఉంది. వైశాఖం అంకె వెనుక అట్ట లోపల, పెన్సిలుతో ఉంది. దాని కింద సంతకం లేదు.

గదిలో మేనకోడలు ఉంది, నర్సు ఉంది, పక్క మంచం దగ్గర మాకు తెలియని నలుగురు ఉన్నారు. అక్క మంచం మీద కూర్చొని, నడుముకు బెల్టు బిగించుకొని, అందరికీ వినబడేటట్టు అంది:

"ఎండకాలంది కొట్టు బిడ్డా. గా భాద్రపదంది తప్పు లెక్క, ఇది సరైంది. మా తమ్ముడే తీసిండు రెండు."

అమ్మాయి వేలు రెండుసార్లు ఆడింది. గడిలో 4.6 పడింది. నేను కలం తీసి, అట్ట లోపలి పెన్సిలు అంకె కింద సంతకం చేసి, ఆ రోజు తేదీ వేశాను.